దూకే మనిషికి బరువు, ఎగిరే వస్త్రానికి గాలి: పాత సూపర్‌హీరో కామిక్స్‌లో వాస్తవిక చిత్రణను చూడటం ఎలా

సూపర్‌హీరో కామిక్స్‌లో వాస్తవిక చిత్రణ గురించి మాట్లాడబోతే చాలామంది ముందు నవ్వుతారు. గబ్బిలం వేషం కట్టుకుని మేడల మీది నుంచి దూకే మనిషి బొమ్మలో వాస్తవం ఎక్కడుంటుందని వారి సందేహం. సందేహం న్యాయమైనదే గానీ, దానికి జవాబు కూడా ఆ బొమ్మల్లోనే ఉంది. కథ ఎంత అసాధ్యమైతే చిత్రకారుడి మీద అంత భారం పడుతుంది. దూకినవాడి పాదాలు నేలను తాకినప్పుడు మోకాళ్ళు వంగాలి, భుజాన ఉన్న వస్త్రం అతని కంటే ఒక్క క్షణం ఆలస్యంగా కిందికి దిగాలి, వీధిదీపం ఎటు ఉంటే నీడ దానికి రెండో వైపు పడాలి. ఈ మూడూ కుదిరితే చదివేవాడు వేషం సంగతి మరచిపోయి మనిషిని చూస్తాడు. కాబట్టి ఈ వ్యాసంలో వాస్తవిక చిత్రణ అంటే ఫొటోను పోలిన బొమ్మ అని అర్థం కాదు. జరగడానికి వీల్లేని పని చేస్తున్న ఒంటికి, జరగడానికి వీలైన బరువునూ వెలుగునూ ఇవ్వడం అని అర్థం.

చూపు చెదరకుండా ఉండటానికి ప్రధానంగా ఒకే చిత్రకారుణ్ణి పట్టుకుందాం. ఆయన నీల్ ఆడమ్స్ (1941–2022). ఈ రంగంలో ఆయన కంటే శుభ్రంగా గీసినవారు ఉన్నారు, ఆయన కంటే బాగా కథ నడిపినవారూ ఉన్నారు. అయితే 1967 నుంచి 1973 వరకు, ఆరేడేళ్ళ వ్యవధిలో, అమెరికన్ సూపర్‌హీరో బొమ్మ ఎలా ఉండాలన్న ఊహను ఆయనంత బలంగా మార్చినవారు అరుదు. పైగా ఆయన పుటల్లో గుణాలతో పాటు దోషాలూ స్పష్టంగా కనిపిస్తాయి కనుక, చూడటం నేర్చుకునేవారికి అవి మంచి పాఠ్యపుస్తకాలు.

ముందుగా తెలుసుకోవలసిన వంశవృక్షం

వాస్తవిక గీత సూపర్‌హీరో పుస్తకాలలో పుట్టలేదు. దినపత్రికల నుంచి వచ్చింది. హాల్ ఫాస్టర్ 1929లో టార్జాన్‌ను, 1937 నుంచి ప్రిన్స్ వేలియంట్‌ను గీశారు. అలెక్స్ రేమండ్ 1934లో ఫ్లాష్ గోర్డన్‌ను, 1946లో రిప్ కిర్బీని మొదలుపెట్టారు. ఆదివారం పత్రికలో వారికి పెద్ద పుట దొరికేది, మంచి జీతం దొరికేది, పుస్తకాల చిత్రకారులకంటే ఎక్కువ సమయం దొరికేది. అదే కాలంలో చవక కామిక్ పుస్తకాలకు గీసినవారిలో చాలామంది ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు. పుటకు ఇంత అని డబ్బు ముట్టేది కాబట్టి తొందరలో గీసేవారు. అందుకే 1940లలో లూ ఫైన్, మాక్ రేబోయ్ వంటి కొందరిని మినహాయిస్తే పుస్తకాలలోని వీరులు మొద్దు బొమ్మల్లా కనిపిస్తారు. రేబోయ్ కెప్టెన్ మార్వెల్ జూనియర్ బొమ్మలను ఎంత శ్రద్ధగా గీసేవారంటే, పని గడువుకు తెమలక, తాను గీసిన పాత బొమ్మలకే ఫొటో నకళ్ళు తీయించి కొత్త పుటల్లో అతికించుకునేవారు.

ఆడమ్స్ ఈ రెండు లోకాల మధ్య వంతెన. ఆయన మొదట జాన్‌స్టన్ అండ్ కుషింగ్ అనే ప్రకటనల చిత్రశాలలో పనిచేశారు, తరువాత 1962 నుంచి 1966 వరకు బెన్ కేసీ అనే డాక్టరు కథను దినపత్రికలకు గీశారు. ఆసుపత్రి గదిలో ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకునే దృశ్యాన్ని రోజూ మూడు నాలుగు గళ్ళలో, విసుగు పుట్టకుండా నాలుగేళ్ళు గీసినవాడికి మొహాల మీద, చేతుల మీద ఎంత పట్టు చిక్కుతుందో ఊహించండి. ఆ పట్టుతోనే ఆయన 1967లో, బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ పుస్తకాలు వేసే డీసీ సంస్థలో, డెడ్‌మ్యాన్ అనే వీరుడి కథలను అందుకున్నారు.

మొదటి మెట్టు: సరైన ప్రతిని ఎంచుకోవడం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇక్కడ తప్పు చేస్తే తరువాతి మెట్లన్నీ కూలిపోతాయి. ఆ కాలంలో అసలు బొమ్మను సుమారు 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తున గీసి, దాదాపు మూడింట రెండు వంతులకు తగ్గించి అచ్చు వేసేవారు. 1960ల చివరి దాకానైతే అసలు బొమ్మ ఇంకా పెద్దదిగా ఉండేది. అచ్చు పడేది ముతక న్యూస్‌ప్రింట్ మీద. సిరా పీల్చుకుని సన్నగీతలు కాస్త ఉబ్బేవి, దగ్గరదగ్గరగా ఉన్న గీతలు కలిసిపోయేవి. అనుభవం ఉన్న చిత్రకారుడు దీన్ని ముందే లెక్కలోకి తీసుకుని గీసేవాడు. అందువల్ల అదే బొమ్మను మెరిసే తెల్ల కాగితం మీద, కంప్యూటర్ రంగులతో అచ్చు వేసినప్పుడు, ఆయన ఉద్దేశించని కరుకుదనం ఒకటి వచ్చి చేరుతుంది.

ఆడమ్స్ విషయంలో మరో చిక్కు ఉంది. 2003 నుంచి వెలువడిన ఆయన బ్యాట్‌మ్యాన్ సంపుటాలలో ఆయనే చాలా పుటలకు కొత్త రంగులు వేయించారు, కొన్ని బొమ్మలను తిరిగి దిద్దారు కూడా. అంటే మీరు 1971 నాటి బొమ్మ అనుకుని చూస్తున్నది, ముప్ఫై ఏళ్ళ తరువాత అదే మనిషి చేసిన సవరణ కావచ్చు. నా అభిప్రాయంలో ఆ సవరణలు చాలాచోట్ల నష్టమే చేశాయి. కాబట్టి వీలైతే పాత సంచికను గానీ, డీసీ సంస్థ ఇటీవలి ఏళ్ళలో నాటి ప్రకటనలతో సహా యథాతథంగా వేస్తున్న నకలు ప్రతులను గానీ చూడండి. గీతను మాత్రమే చదవాలనుకునేవారికి మూడో దారి ఉంది: అసలు పుటలను అసలు కొలతలోనే ఫొటో తీసి వేసే ఆర్టిస్ట్స్ ఎడిషన్ తరహా పుస్తకాలు. వాటిలో చెరిపిన పెన్సిల్ జాడ, తప్పును కప్పిన తెల్లరంగు కూడా కనిపిస్తాయి. ధర ఎక్కువ, అయినా ఎవరి దగ్గరైనా ఉంటే ఒక సాయంత్రం అడిగి చూడదగినవి.

పాఠానికి ఒక సంచికను ఎంచుకోమంటే నేను 1973 సెప్టెంబరు నాటి బ్యాట్‌మ్యాన్ 251ని చెబుతాను. డెనీ ఓనీల్ రాసిన కథ అది. తనను పట్టించారని అనుమానించి, బ్యాట్‌మ్యాన్ శత్రువైన జోకర్ తన పాత అనుచరులను ఒక్కొక్కరినే వెతికి చంపుతుంటాడు. సాధారణంగా ఇద్దరు చేసే పెన్సిల్ బొమ్మలు, వాటి మీది సిరా గీత ఇందులో రెండూ ఆడమ్స్‌వే కాబట్టి ఏ గుణం ఎవరిదన్న గందరగోళం ఉండదు.

రెండో మెట్టు: కథను ఒకసారి చదివి పక్కన పెట్టడం, తరువాత దూరం నుంచి చూడటం

ముందు కథ కోసమే చదవండి, బొమ్మల కోసం ఆగవద్దు. ఎక్కడ మీ చూపు దానంతటదే ఆగిందో ఆ పుట మూలన చిన్న కాగితం ముక్క పెట్టండి. పూర్తయ్యాక ఆ పుటలను చెయ్యి చాచినంత దూరంలో, లేదా గోడకు ఆనించి నాలుగడుగుల దూరంలో నిలబెట్టి, కళ్ళు సగం మూసి చూడండి. అప్పుడు గీతలు కరిగిపోయి నలుపు ముద్దలూ తెలుపు ఖాళీలూ మాత్రమే మిగులుతాయి.

ఆ నలుపు ముద్దల అమరికే వాస్తవిక చిత్రణకు వెన్నెముక. కొత్తవారు అన్ని వివరాలూ గీస్తే వాస్తవంగా ఉంటుందనుకుంటారు. చేయి తిరిగినవాడు మాత్రం సగం వివరాలను నలుపులో ముంచేస్తాడు, ఎందుకంటే రాత్రిపూట మన కంటికీ సగమే కనబడుతుంది. బ్యాట్‌మ్యాన్ కథలో ఇది మరీ ముఖ్యం. 1966 నుంచి 1968 దాకా నడిచిన టెలివిజన్ ధారావాహిక ఆ పాత్రను పట్టపగటి వినోదంగా మార్చివేసింది. ఆ రోజుల్లో ద బ్రేవ్ అండ్ ద బోల్డ్ పత్రికకు గీస్తున్న ఆడమ్స్, రచయిత పగలు అని రాసిన దృశ్యాలను కూడా తాను రాత్రికి మార్చేవాణ్ణని తరువాత చెప్పుకున్నారు. రచనలో ఒక్క అక్షరం మారకపోయినా, వేళ మారడంతోనే ఆ మనిషి మళ్ళీ భయపెట్టడం మొదలుపెట్టాడు.

మూడో మెట్టు: దీపం ఎక్కడుందో వెతకడం

ఇప్పుడు ఒక్క గడిని తీసుకోండి. మొహం మీద వెలుగు పడిన వైపును వేలితో చూపండి. అదే గడిలో భుజం, చెయ్యి, వెనక గోడ కూడా ఆ వైపు నుంచే వెలుగును అందుకుంటున్నాయా? తరువాతి గడిలో మనిషి తిరిగి నిలబడితే, దీపం కదలలేదు కాబట్టి నీడ అతని ఒంటి మీద చోటు మారాలి. మారిందా?

సాదా కామిక్స్‌లో వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తుంది, అంటే ఎక్కడి నుంచీ రాదు. ఆడమ్స్ బొమ్మల్లో తరచు రెండు వెలుగులుంటాయి: ఒకటి ముందు నుంచి పడేది, రెండోది వెనక నుంచి చెంప అంచునో భుజం అంచునో సన్నని తెల్లపట్టీగా తాకేది. ఆ తెల్లపట్టీ వల్లే నల్లని మనిషి నల్లని ఆకాశం నుంచి విడివడి కనిపిస్తాడు. ఇది ఫొటో స్టూడియోలలో, ప్రకటనల చిత్రాలలో ఎరిగిన పద్ధతి. కింది నుంచి వెలుగు పడితే కనుబొమల ఎముక నీడ పైకి పోతుంది, ముక్కు కింద తెల్లబడుతుంది, మొహం దయ్యంలా మారుతుంది. కథలో ఎవరి మొహం మీద ఏ వేళ ఈ వెలుగు పడిందో గమనిస్తే, చిత్రకారుడు వారి గురించి ఏమనుకుంటున్నాడో తెలిసిపోతుంది.

నాలుగో మెట్టు: బరువు

అన్నిటికంటే ఎక్కువసేపు నిలవవలసిన మెట్టు ఇదే. చందమామ చదివి పెరిగినవారికి దీన్ని వివరించడం తేలిక. శవాన్ని భుజాన వేసుకుని కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గీసిన బొమ్మ గుర్తు తెచ్చుకోండి. బేతాళ కథను ఎవరూ నిజమని నమ్మరు. కానీ ఆ భుజం మీద బరువు ఉందని నమ్ముతారు. అసాధ్యమైన కథలో నమ్మదగిన ఒళ్ళు అన్న సూత్రాన్ని మనం చిన్నప్పుడే, పేరు తెలియకుండానే, నేర్చుకున్నాం.

అదే పరీక్షను బ్యాట్‌మ్యాన్ 251 చివరలో, జోకర్‌ను తరుముతూ సముద్రతీరాన పరుగెత్తే బ్యాట్‌మ్యాన్ నిండు బొమ్మ మీద పెట్టండి. ముందు ఒంటి నడుమ నుంచి నేలకు ఒక నిటారు గీత ఊహించుకోండి. పరుగెత్తేవాడి బరువు ఆ గీతకు ముందుకు పడుతుంది. అంటే తరువాతి అడుగు వేయకపోతే అతడు బోర్లా పడతాడు. నిశ్చలమైన కాగితం మీద వేగం కనిపించడానికి కారణం వేగరేఖలు కావు, ఆ పడబోయే స్థితి. తరువాత భుజాలనూ నడుమునూ చూడండి: కుడి కాలు ముందుకు వస్తే ఎడమ భుజం ముందుకు రావాలి, వెన్ను ఆ రెంటి మధ్య కాస్త మెలిపడాలి. ఆ మెలి లేని పరుగు బొమ్మలు కామిక్స్‌లో వేలకు వేలున్నాయి. అవి పరుగెత్తవు, గాలిలో వేలాడతాయి. అనుమానం ఉంటే మీరే లేచి ఆ భంగిమలో ఒక్క క్షణం నిలబడి చూడండి. ఎక్కడ కండ బిగుస్తుందో, ఎక్కడ వదులవుతుందో మీ ఒళ్ళే చెబుతుంది. సిగ్గుపడవలసిన పని కాదు. బొమ్మలు గీసేవారందరూ అద్దం ముందు నిలబడి చేసేదే ఇది.

కండరాల విషయంలో ఒక హెచ్చరిక. కండరాలు ఎక్కువ గీస్తే వాస్తవం కాదు. శరీరశాస్త్రం పుస్తకంలోలా ప్రతి కండరమూ ఒకేసారి బిగుసుకుని ఉంటే అది మనిషి కాదు, తోలు ఒలిచిన నమూనా. 1972 నాటి బ్యాట్‌మ్యాన్ 244లో ఎడారిలో చొక్కా లేకుండా రాస్ అల్ ఘూల్ అనే శత్రువుతో బ్యాట్‌మ్యాన్ కత్తియుద్ధం చేస్తాడు. అక్కడ కత్తి ఎత్తిన చేతికీ దించిన చేతికీ మధ్య తేడాను గమనించండి. ఛాతీ మీద వెంట్రుకలు గీయడం కూడా ఆ రోజుల్లో సాహసమే. బిగుతైన రంగు దుస్తుల మాటున దాగే తప్పులకు అక్కడ చోటు లేదు.

ముందుకు చాచిన చెయ్యి పెద్దదై, దాని వెనక భుజం చిన్నదై కనబడే బొమ్మలను విడిగా చూడాలి. చెయ్యి పొడవును కుదించి చూపడం చిత్రకళలో కష్టమైన పని. ఆడమ్స్ దాన్ని కెమెరా కటకంలోంచి చూసినట్లు గీస్తే, అదే కాలపు మరో చిత్రకారుడు జాక్ కిర్బీ కొలతలను లెక్కచేయకుండా పిడికిలిని తలకాయంత చేసి గీస్తారు. కిర్బీ దెబ్బే ఎక్కువ గట్టిగా తగులుతుందని నేనంటాను. అయితే అది వేరే కళ. దాని కొలబద్ద వేరు.

ఐదో మెట్టు: మొహాలు, చేతులు

గ్రీన్ లాంటర్న్ 76వ సంచికలో (1970 ఏప్రిల్) ఒక ప్రసిద్ధమైన పుట ఉంది. ఎక్కడెక్కడి గ్రహాల్లోని రంగురంగుల చర్మాల వాళ్ళకు సాయం చేశావు గానీ, ఇక్కడి నల్లవారి కోసం ఏం చేశావని ఒక ముసలి నల్లజాతీయుడు గ్రీన్ లాంటర్న్‌ను నిలదీస్తాడు. వీరుడు తల దించుకుంటాడు. యుద్ధం లేదు, ఎగరడం లేదు. మొత్తం భారం మొహాల మీద పడింది. ముసలివాడి బుగ్గల ముడతలు కేవలం వయసును చూపే గీతలుగా ఉన్నాయా, లేక ఆ మాట అనేటప్పుడు బిగిసే దవడను అనుసరించి కదులుతున్నాయా అని చూడండి. కథను మరచిపోయి మాటల బుడగలను కాగితంతో కప్పి చూసినా, ఎవరు అడుగుతున్నారో ఎవరు ఓడిపోయారో తెలియాలి. ఇదే మొహాల పరీక్ష.

ఆడమ్స్ దోషం కూడా ఇక్కడే ఉంది. ఆయన మనుషులు ఎప్పుడూ అరుస్తుంటారు. నోరు తెరిచి, ముక్కుపుటాలు ఉబ్బించి, కింది నుంచి చూసిన కోణంలో వేలు చూపిస్తూ కాఫీ అడిగేవారిలా ఉంటారు. ఆ అతి మీకు విసుగనిపించినప్పుడు కర్ట్ స్వాన్ వైపు తిరగండి. 1950ల మధ్య నుంచి 1986 దాకా సూపర్‌మ్యాన్ మొహం అంటే ఎక్కువమందికి స్వాన్ గీసిన మొహమే. ఆయన సూపర్‌మ్యాన్ పక్కింటి పెద్దమనిషిలా ఉంటాడు. కంగారు, జాలి, మొహమాటం వంటి చిన్న భావాలు కూడా కనుబొమల్లో తెలుస్తాయి. మర్ఫీ ఆండర్సన్ సిరా గీసిన 1970ల తొలినాళ్ళ పుటలు వారిద్దరి కలయికలో మేలైనవి. ఆ జంటను స్వాండర్సన్ అని ఒకే పేరుతో పిలిచేవారు. ఆ మొహం పట్ల డీసీ సంస్థకు ఎంత పట్టింపు ఉండేదంటే, 1970లో జాక్ కిర్బీ తమ దగ్గరికి వచ్చి సూపర్‌మ్యాన్ స్నేహితుడు జిమ్మీ ఓల్సెన్ పేరిట వచ్చే పత్రికలో సూపర్‌మ్యాన్‌ను గీసినప్పుడు, ఆ తలలను మాత్రం వేరేవారి చేత మళ్ళీ గీయించింది. ఆ పుటలను చూస్తే ఒక ఒంటి మీద మరొక తల అతికిన ఇబ్బంది ఇప్పటికీ తెలుస్తుంది.

చేతుల గురించి ఒక్క మాట చాలు: వేళ్ళు పట్టుకున్న వస్తువును నిజంగా పట్టుకున్నాయా, లేక దాని పక్కన ఉన్నాయా?

ఆరో మెట్టు: వస్త్రం

బ్యాట్‌మ్యాన్ వీపున వేలాడే వస్త్రాన్ని చాలామంది అలంకారంగా గీశారు. ఆడమ్స్ దాన్ని గాలికి కొలమానంగా వాడారు. మెడ దగ్గర గుడ్డ ఎక్కడ కట్టబడిందో అక్కడి నుంచి ముడతలు విసనకర్రలా విడివడాలి. ఒంటిని తాకిన చోట ఒంటి ఆకారం తీసుకోవాలి. తాకని చోట గాలి ఆకారం తీసుకోవాలి. మనిషి ఆగిపోయినా గుడ్డ ఇంకా కాస్త ముందుకు పోతుంది. ఈ చివరి సూత్రాన్ని పట్టుకుంటే ఆ బొమ్మకు ముందు క్షణంలో ఏమి జరిగిందో గుడ్డను బట్టే చెప్పవచ్చు.

ఏడో మెట్టు: సిరా ఎవరిదో గుర్తించడం

అమెరికన్ కామిక్స్ పనిలో సాధారణంగా ఒకరు పెన్సిల్‌తో గీస్తే మరొకరు దాని మీద పాళీతోనో కుంచెతోనో సిరా గీస్తారు. ఆ రెండోవారిని ఇంకర్ అంటారు. పైపైన చూసేవారు ఇది నకలు రాసే పని అనుకుంటారు. కాదు. పెన్సిల్ బూడిదరంగు నీడను సిరాలో నలుపుగానో తెలుపుగానో తేల్చవలసింది ఇంకరే. ఆ తీర్పులోనే బొమ్మ సగం రూపు దిద్దుకుంటుంది.

ఇందుకు 1971 మంచి సంవత్సరం. ఆ ఏడాది జూన్ నాటి బ్యాట్‌మ్యాన్ 232లో ఆడమ్స్ పెన్సిల్ మీద డిక్ జోర్డానో సిరా గీశారు. నవంబరు నాటి ఎవెంజర్స్ 93లో అదే ఆడమ్స్ పెన్సిల్ మీద టామ్ పామర్ గీశారు. రెంటినీ పక్కపక్కన పెట్టండి. జోర్డానో గీత శుభ్రంగా, నిబ్బరంగా, అంచులు తేటగా ఉంటుంది. నలుపు నలుపుగానే నిలుస్తుంది. పామర్ కూడా ప్రకటనల రంగం ఎరిగినవారే. ఆయన సన్నని గీతలతో నీడకూ వెలుగుకూ మధ్య ఎన్నో అంచెలు చూపిస్తారు, చుక్కల తెరలు అచ్చయిన అతుకు కాగితాన్ని కత్తిరించి నడిమి నీడలకు అతికిస్తారు. ఆ సంచికలో యాంట్‌మ్యాన్ చీమంత మనిషిగా మారి విజన్ అనే యంత్రమానవుడి ఒంటి లోపలికి దిగుతాడు. లోహమూ కండరమూ కానిదేదో గుహలా చుట్టుముట్టిన భావన రావడంలో పామర్ నడిమి నీడల వాటా పెద్దది. ఆ తరువాత మళ్ళీ 251కి వస్తే, తన పెన్సిల్ మీద తానే సిరా గీసిన ఆడమ్స్ ఈ ఇద్దరి కంటే గరుకుగా, ఆదరాబాదరాగా, ప్రాణంతో ఉన్నట్లు కనిపిస్తారు.

గీతను దగ్గరగా చదవడానికి భూతద్దం వాడండి. నీడ వైపు లావుగా మొదలై వెలుగు వైపు సూదిమొనలా ముగిసే గీతల వరుస కనిపిస్తే అది గుండ్రని ఒంటిని చూపుతోంది. అన్ని గీతలూ ఒకే మందాన ఉంటే బల్లపరుపు గోడను చూపుతున్నాయి, లేదా గీసినవాడికి ఓపిక అయిపోయింది.

ఎనిమిదో మెట్టు: కోణాలు, గళ్ళు

ఆడమ్స్ 1969లో ఎక్స్‌మెన్ 56 నుంచి గీసిన సంచికలలో నలుచదరపు గళ్ళు విరిగి ఏటవాలు ముక్కలయ్యాయి. ఒక్కో గడి అంచు లోపలి కదలికను అనుసరించి వాలుతుంది. ఉత్సాహం కలిగించే పద్ధతే గానీ, ఏ గడి తరువాత ఏది చదవాలో తెలియక రెండుసార్లు వెనక్కి రావలసిన పుటలూ ఉన్నాయి. వాటిని మెచ్చుకోనక్కర లేదు. చూడవలసినదల్లా కెమెరా ఎత్తు. కంటిచూపు రేఖ గడిలో ఎక్కడుందో గుర్తించి, అది మోకాలి ఎత్తుకు దిగినప్పుడు లేదా మేడ ఎత్తుకు ఎగిరినప్పుడు కథలో కారణం ఉందా అని ప్రశ్నించుకోండి.

పనిలో పనిగా ఒక సరదా సంగతి. స్ట్రేంజ్ అడ్వెంచర్స్ 216లో డెడ్‌మ్యాన్ కథలో ఒక గడిలోని అలల వంటి ఆకారాలు, పుటను కంటికి దాదాపు సమాంతరంగా వంచి చూస్తే అక్షరాలుగా మారతాయి. అది తన తోటి చిత్రకారుడు జిమ్ స్టెరాంకో పేరుతో ఆడమ్స్ వేసిన ఎత్తిపొడుపు. వాస్తవికతకూ దానికీ సంబంధం లేదు. అయితే పుటను తిప్పి, వంచి, తలకిందులు చేసి చూసే అలవాటుకు అది మంచి బహుమానం.

తొమ్మిదో మెట్టు: రంగును దాని పరిమితులతో చూడటం

అప్పటి అచ్చులో నీలం, ఎరుపు, పసుపు అనే మూడు సిరాలు, వాటికి తోడు నలుపు. మూడింటినీ పూర్తిగా, సగం, పావు వంతు, అసలు లేకుండా అని నాలుగేసి మోతాదులలో కలిపితే వచ్చేవి మొత్తం 64 రంగులు. తెల్లవారి చర్మానికి పావు వంతు పసుపు, పావు వంతు ఎరుపు. అంతే. కాబట్టి ఒక మొహం మీద వెలుగు నీడల క్రమాన్ని రంగు చూపలేదు. ఆ పనంతా నల్లగీతే చేయాలి. పాత బొమ్మల్లో సిరా గీత అంత కష్టపడటానికి ఇదొక కారణం, కొత్త రంగులు వేసిన ప్రతుల్లో ఒకే నీడను గీత ఒకసారి, రంగు ఒకసారి చెప్పి గొంతు బొంగురుపోవడానికి కూడా ఇదే కారణం.

బ్యాట్‌మ్యాన్ వస్త్రం నీలంగా ఎందుకుందన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే దొరుకుతుంది. పూర్తి నలుపులో ముడతలు కనబడవు. అందుకని నల్లని గుడ్డ మీద మెరుపు పడే భాగాలను నీలంతో చూపేవారు. మెరుపు భాగాలు పెరిగిన కొద్దీ గుడ్డే నీలమైపోయింది. సూపర్‌మ్యాన్ జుట్టులోని నీలం కూడా ఇదే బాపతు. దాన్ని నీలంగా కాక, మెరిసే నలుపుగా చదవడం కంటికి నేర్పాలి.

పదో మెట్టు: వాస్తవికత ఎక్కడ ఓడిపోతుందో గుర్తించడం

ఫొటోను చూసి గీయడం తప్పు కాదు. ఫొటోకు లొంగిపోవడం తప్పు. లొంగిపోయిన బొమ్మను పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి: ఒకే పుటలో మొహం అతి వివరంగా ఉండి ఒళ్ళు పేలవంగా ఉంటుంది, ఇద్దరు మాట్లాడుకుంటున్నా ఒకరి కళ్ళు మరొకరి మీద నిలవవు, ఒక్కో మనిషి మీద ఒక్కో దీపం వెలుగుతుంది, కదలవలసిన గుడ్డ కుర్చీలో కూర్చున్న మనిషి చొక్కాలా ముడతలు పడుతుంది.

ఈ పరీక్షకు అలెక్స్ రాస్ తగిన మనిషి. 1994లో కర్ట్ బ్యూసిక్ రాసిన మార్వెల్స్‌ను ఆయన గువాష్ అనే చిక్కని నీటిరంగులతో, తెలిసినవారిని నమూనాలుగా నిలబెట్టుకుని, పూర్తిగా చిత్రించారు. 1996 నాటి కింగ్‌డమ్ కమ్‌లో కథ చెప్పే మతగురువు పాత్రకు నమూనా, స్వయంగా మతగురువైన ఆయన తండ్రి. ఈ రెంటిలో మొదటిదైన మార్వెల్సే మేలని నా తీర్పు. అందులో కథ చెప్పేవాడు ఫిల్ షెల్డన్ అనే పత్రికా ఫొటోగ్రాఫరు. మహావీరులను ఎప్పుడూ వీధి మీద నిలబడి తల ఎత్తి చూస్తుంటాడు. ఫొటోలాంటి చిత్రణకు కథలోనే కారణం దొరికింది. మామూలు మనుషుల కోట్లు, టోపీలు, కార్లు ఎంత నిజంగా ఉంటే, వారి తలల మీదుగా పోయే నిప్పుమనిషి అంత భయంకరంగా కనిపిస్తాడు. కింగ్‌డమ్ కమ్‌లో జనం కంటే వీరులే ఎక్కువ. అందరూ ఒకేసారి గంభీరంగా నిలబడేసరికి కొన్ని పుటలు కుటుంబ ఫొటోల్లా బిగుసుకుపోతాయి, నడుము దగ్గర దుస్తుల ముడతలు నాటకం వేషాలను గుర్తుచేస్తాయి.

సాధన

ఒక సన్నని ట్రేసింగ్ కాగితం, మెత్తని పెన్సిల్ తీసుకోండి. బ్యాట్‌మ్యాన్ 251లోని ఆ పరుగు పుటను, నకలు ప్రతిలోనిదైనా సరే, కాగితం కింద పెట్టి, గీతలను వదిలేసి కేవలం నలుపు భాగాలను మాత్రమే నింపండి. తరువాత కాగితం తీసి చూడండి. మనిషి ఇంకా పరుగెత్తుతున్నాడా? రెండో కాగితం మీద నలుపును వదిలి వెన్ను, భుజాలు, నడుము, కాళ్ళను ఐదారు గీతలతో మాత్రమే పట్టుకోండి. ఒరిగిన వెన్నులో ఎంత వేగం ఉందో చేతికి తెలుస్తుంది. మూడో కాగితం మీద వస్త్రం అంచును ఒక్కదాన్నే గీసి, గాలి ఎటు నుంచి వీస్తోందో బాణం గుర్తు వేయండి. ఆ తరువాత అదే మూడు కాగితాల పనిని స్వాన్ గీసిన ఒక సూపర్‌మ్యాన్ పుట మీద, కిర్బీ గీసిన ఒక పోరాటపు పుట మీద చేయండి. కిర్బీ పుటలో నలుపు భాగాలు ఏ దీపానికీ లొంగకుండా పిడికిళ్ళ చుట్టూ మూగడం, స్వాన్ పుటలో దాదాపు నలుపే లేకపోయినా మొహం నిలబడటం మీ కాగితాల మీదే బయటపడతాయి. తొమ్మిది కాగితాల మూలల్లో సంచిక పేరు, సంఖ్య, నెల రాసి దాచుకోండి, ఎందుకంటే కొత్త చిత్రకారుడు తారసపడినప్పుడు పక్కన పెట్టి చూసుకోవలసినవి ఇవే.